అన్నీ తెల్ల తీగలే

లోవెల్ ట్వెట్ రిటైరయ్యేదాకా పాల ట్యాంకరు నడిపాడు. కికాపూ నది లోయలో ఉన్న పశువుల కొట్టాలన్నీ తిరిగి, పొద్దు పొడిచేసరికి పాలు పోగుచేసుకుని జున్ను ఫ్యాక్టరీకి చేర్చడం అతని పని. ఆ దారంతా ఎత్తుపల్లాలు. లోయలోకి దిగితే పొగమంచులో మునిగిపోవాలి, గట్టెక్కితే ఎండలోకి తేలాలి. గట్టు మీదికి రాగానే ఒక్కోరోజు ట్యాంకరు పక్కకు తీసి ఆపేవాడు. కింద లోయంతా మంచు నిండిపోయి, అక్కడక్కడా కొండల నెత్తులు మాత్రం పైకి కనిపించేవి. ఆ తెల్లదనం మీదుగా అలా తేలిపోతూ వెళ్తే ఎలా ఉంటుందోనని చూస్తూ కూర్చునేవాడు. అంతలో వెనకాల ట్యాంకులో పాలు గుర్తొచ్చేవి. గేరు మార్చి మళ్ళీ మంచులోకి దిగేవాడు.

ఎగరాలన్న కోరిక అతనికి చిన్నప్పటి నుంచీ ఉంది. వియత్నాం యుద్ధం రోజుల్లో, హైస్కూలు చదువు కాగానే, వైమానిక దళంలో చేరదామని బస్సెక్కి మిల్వాకీ వెళ్ళాడు. అక్కడొక డాక్టరు రంగురంగుల చుక్కలున్న పుస్తకం తెరిచి ముందు పెట్టాడు.

"ఇందులో ఏ అంకె కనపడుతోంది?"

"అంకె లేదండీ. చుక్కలున్నాయి."

"మరి ఇందులో?"

"ఇందులోనూ చుక్కలే."

డాక్టరు పుస్తకం మూసేశాడు. "ఎరుపుకీ ఆకుపచ్చకీ నీకు తేడా తెలియదు బాబూ. విమానాలు నీకు కుదరవు. ఇంకేదైనా చూసుకో" అన్నాడు.

అప్పటిదాకా ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. తోటలోకి పంపితే పచ్చి టమాటాలు కోసుకొస్తాడని తల్లి తిట్టేది, ధ్యాసలేని పిల్లాడనుకునేది. మిల్వాకీ నుంచి తిరిగొచ్చాక ఆమె మళ్ళీ ఎప్పుడూ టమాటాల మాటెత్తలేదు. అతనూ ఎగరడం మాటెత్తలేదు. పాల ట్యాంకరు ఎక్కాడు. కొన్నాళ్ళకు మార్లిస్‌ను పెళ్ళి చేసుకున్నాడు.

మార్లిస్ పశువుల డాక్టరు ఆఫీసులో ఫోను ఎత్తేది. ఆ చుట్టుపక్కల ఆమె మొహం తెలియనివాళ్ళు ఉంటారేమోగానీ గొంతు తెలియనివాళ్ళు లేరు. ఆవుకు దూడ అడ్డం తిరిగిందని వణికిపోతూ ఫోను చేసిన రైతుకి, "కంగారుపడకండి. ముందు కాళ్ళు వస్తున్నాయా, తోక వస్తోందా? మెల్లగా చూసి చెప్పండి. నేను ఫోను పట్టుకునే ఉంటాను" అని ఆమె చెబుతుంటే డాక్టరు రాకముందే సగం ధైర్యం వచ్చేసేది.

లోవెల్ జీవితం మలుపు తిరిగింది ఒక శుక్రవారం చేపల వేపుడు దగ్గర. ఆ ప్రాంతంలో శుక్రవారం వస్తే ఊరు ఊరంతా హోటల్లో చేరుతుంది. ఆ సాయంత్రం వాళ్ళ బల్ల దగ్గరికి బెర్నీస్ కుబియాక్ వచ్చి కూర్చుంది. బెర్నీస్ గట్టు మీద పొలం చేసుకునే మనిషి. మొగుడు పోయాక ఓట్స్ పండే చేను సగం చదును చేయించి, గడ్డి పెంచి, రన్‌వే చేసుకుంది. పెట్టెల్లో విడిభాగాలు తెప్పించుకుని ఒక విమానం తన చేతులతోనే కట్టుకుంది కూడా. నోరు కాస్త పెద్దది.

"ఏవయ్యా లోవెల్, నా విమానం పైన పోతుంటే చాలు, ట్యాంకరు ఆపేసి ఆకలిగొన్న పిల్లిలా చూస్తావు. నేర్చుకోకూడదూ?" అంది.

"నేర్చుకుని ఏం చేస్తాను? నడపనివ్వరు. నాకు రంగులు తెలియవు."

"ఎవరన్నారు నడపనివ్వరని?"

"మిల్వాకీలో డాక్టరు."

"ఎప్పుడు?"

"నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు."

బెర్నీస్ చేతిలోని చేపముక్క పళ్ళెంలో పెట్టేసింది. "ఓరి నా పిచ్చి నాయనా! అది యుద్ధ విమానాల సంగతి. సొంతానికి ఎగురుకుంటానంటే నిన్నెవడు ఆపుతాడు? రాత్రిపూట ఎగరొద్దంటారు, అంతే. రాత్రి నిద్రపో. ఇన్నేళ్ళూ ఇంకెవరినీ అడగలేదా?"

"అడగాలని తోచలేదు."

మార్లిస్ తన పళ్ళెం వైపే చూస్తూ, "నాకూ తోచలేదు" అంది మెల్లగా.

ఆ తర్వాత లోవెల్ ఏం తిన్నాడో, ఇంటికి ఎలా వచ్చాడో అతనికి గుర్తులేదు.

రిటైరైన ఏడాదే బెర్నీస్ గడ్డి రన్‌వే మీద ఎగరడం నేర్చుకున్నాడు. లైసెన్సు చేతికి వచ్చాక అద్దె విమానాలతో తనివి తీరక, తనూ ఒకటి కట్టుకుంటానన్నాడు. పెద్ద పెద్ద చెక్కపెట్టెల్లో విమానం ముక్కలై దిగింది. బెర్నీస్ తన షెడ్డులో సగం ఇచ్చింది. మార్లిస్ అడ్డు చెప్పలేదు.

"కట్టుకో. నేను మాత్రం ఎక్కను. ఎక్కమని అడగొద్దు" అంది.

"అడగను."

"బతిమాలొద్దు కూడా."

"బతిమాలను."

రేకులు వంచడం, రివెట్లు కొట్టడం, రెక్కలు, తోక, చక్రాలు అన్నీ అయిపోయాయి. ఇంజినూ ఎక్కింది. మిగిలింది కరెంటు పని. అక్కడ లోవెల్ ఆగిపోయాడు. పొద్దున్నే షెడ్డుకు వెళ్ళేవాడు, తుడిచిన రెక్కనే తుడిచేవాడు, బిగించిన మరనే మళ్ళీ బిగించి చూసేవాడు. అలా ఒక చలికాలమంతా గడిచిపోయింది. రెండోది మొదలైంది.

"ఆ చక్రాలు ఇంకా తుడిచావంటే అరిగిపోతాయి. వైర్ల పని ఎప్పుడు మొదలుపెడతావు?" అంది బెర్నీస్ ఒకరోజు.

లోవెల్ గుడ్డ పక్కన పెట్టి నిజం చెప్పేశాడు. వయసులో ఉన్నప్పుడు ఎడ్లబండంత ట్రెయిలరుకి దీపాలు తగిలించబోయి, ఎర్ర వైరుకు కలపాల్సింది ఆకుపచ్చ దానికి కలిపాడు. పొగలొచ్చి దీపాలతో పాటు ట్రక్కు లోపలి వైర్లు కూడా కాలిపోయాయి. "ట్రెయిలరు కాబట్టి రోడ్డు పక్కన ఆపుకున్నాను. గాల్లో ఎక్కడ ఆపుకుంటాను?" అన్నాడు.

బెర్నీస్ తన బల్ల కిందినుంచి ఒక వైరు చుట్ట తీసుకొచ్చి అతని ఒళ్ళో పడేసింది.

"ఇదేం రంగో చెప్పు."

"ఎగతాళి చేస్తున్నావా?"

"చెప్పవయ్యా."

"నాకైతే తెల్లగా ఉంది."

"నాకూ తెల్లగానే ఉంది." ఇంకో చుట్ట తెచ్చింది. "ఇది?"

"ఇదీ తెలుపే."

"విమానంలో వేసే వైర్లు దాదాపు అన్నీ తెల్లవేనయ్యా. నీకూ నాకూ ఎవరికైనా అంతే. ఏది ఎక్కడికి పోతుందో ప్రతిదాని మీదా పేరు అంటించుకుంటూ పోవాలి. పేరు లేకపోతే ఇక్కడ అందరూ గుడ్డివాళ్ళే."

లోవెల్ ఆ చుట్టను చాలాసేపు చేతుల్లో తిప్పుకుంటూ కూర్చున్నాడు. తను చూసేదే పక్కవాళ్ళూ చూస్తారన్న భరోసా అతనికి అంతకుముందెప్పుడూ దొరకలేదు. "ఊఫ్ డా!" అన్నాడు చివరికి, వాళ్ళ తాతలు నార్వే నుంచి తెచ్చుకున్న మాట.

ఆ చలికాలం అతని జీవితంలోకెల్లా మెత్తగా గడిచిన కాలం. బయట మంచు కిటికీల సగందాకా పేరుకుపోయేది. షెడ్డు కప్పు మీద కురిసే మంచుకి చప్పుడుండదు. లోపల కట్టెల పొయ్యి చిటపటలాడేది. కట్టి పక్కన పెట్టిన రెక్కలు ఇంకా తగిలించని విమానం ఆ వెచ్చదనంలో కళ్ళు తెరవని పక్షిపిల్లలా ఉండేది. లోవెల్ సీటు వీపు మీద కాళ్ళు వేసి, తలకిందులుగా, తల పెడళ్ళ దగ్గర పెట్టుకుని పడుకునేవాడు. స్క్రీన్లు, రేడియో బిగించే ప్యానెల్ వెనకభాగం సరిగ్గా మొహం మీద ఉండేది. ఒక్కొక్క వైరుకీ చివర పిన్ను తొడిగి, ప్లయరుతో నొక్కి, కనెక్టరులో దాని గదిలోకి తోసేవాడు. పిన్ను కూర్చున్నప్పుడు 'టిక్' అని ఒక చిన్న చప్పుడు. ఆ చప్పుడు చెవితో కంటే వేలితోనే బాగా వినిపించేది.

ఆఫీసు సెలవురోజుల్లో మార్లిస్ కూడా వచ్చేది. వైర్ల కింద వేసే రబ్బరు ముక్కలూ, పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన తీపివంట పళ్ళెమూ ఒకే సంచిలో వేసుకొచ్చిందని బెర్నీస్ ఏడిపించేది. పేర్లు అచ్చువేసే చిన్న మిషను ముందు పెట్టుకుని మార్లిస్ సన్నటి కాగితం ముక్కలు తీసేది. వాటిని వైరు చుట్టూ చుట్టి, పైన అద్దంలాంటి గొట్టం తొడిగి, వేడిగాలి తగిలిస్తే గొట్టం ముడుచుకుని పేరును గట్టిగా పట్టుకునేది. తోక దీపం. ఇంధనం పంపు. ఎడమ రెక్క కొస. ఆ తర్వాత వైర్లన్నీ కట్టగా చేర్చి, మైనం పూసిన దారంతో వేలెడు వేలెడు దూరాన ముడులు వేసుకుంటూ పోయేది. దుప్పట్లు కుట్టి కుట్టి అలవాటైన చేతులవి. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకునేవాళ్ళు కాదు. "దారం." "ఇదిగో." "కాస్త వదులు." "ఇంతా?" అంతే.

ఒక్కోసారి లోవెల్ ఆ ప్యానెల్ కిందే నిద్రపోయేవాడు. కలలో వైర్లు దారులయ్యేవి. ఒక్కో దారి చివరా ఒక కొట్టం, గుమ్మం మీద పేరు. పాలేమో మామూలుగా అన్ని ఇళ్ళ నుంచీ ఒకచోటికి చేరేవి, కలలో మాత్రం ఒకచోటి నుంచి అన్ని ఇళ్ళకీ వెనక్కి ప్రవహించేవి. తను ట్యాంకరు ఏ గట్టు దగ్గర ఆపినా కింద లోయ కనిపించేది కాదు, మంచు నేరుగా ఆకాశంలోకి పోయేది. మార్లిస్ అతని మోకాలు తట్టి లేపేది. "మెడ పట్టేస్తుంది, లే."

మంచు కరిగి చూరుల నుంచి నీళ్ళు కారే రోజుల్లో రెక్కలూ తగిలించడంతో పని పూర్తయింది. మొదటిసారి కరెంటు ఇచ్చే రోజు బెర్నీస్ బక్కెట్టు బోర్లించుకుని కూర్చుంది, ఒళ్ళో మంటలార్పే సిలిండరుతో.

"దేనికైనా మంచిది. కానీ" అంది.

లోవెల్ స్విచ్చి నొక్కాడు. లోపలెక్కడో చిన్న ఫ్యాను తిరిగింది. స్క్రీన్లు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి, నిద్రలేచి ఒళ్ళు విరుచుకున్నట్టు. ముగ్గురూ ముక్కులు ఎగబీల్చి వాసన చూశారు.

"పొగ లేదు. పొగ లేకపోతే పండగే!" అని బెర్నీస్ కాఫీ కప్పుల్లో బ్రాందీ పోసింది. తర్వాత కాక్‌పిట్ మీదికి వంగి ఒక స్క్రీను చూపించింది. "ఇది ఇంజిన్ సంగతులు చెబుతుంది. ఈ సూది ఆకుపచ్చలో ఉంటే ఏ బాధా లేదు. ఎరుపులోకి పోయిందంటే మాత్రం వెంటనే దించెయ్. తెలిసిందా?"

లోవెల్ చూశాడు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకే ఒక్క మట్టిరంగు పట్టీ కనిపించింది. తల ఊపాడు.

ఆ తల ఊపడం మార్లిస్‌కు తెలుసు. కొత్త గౌను బాగుందా అంటే అతను ఊపే తల అదే. ఇంటికి వస్తుంటే ట్రక్కులో అడిగింది. "నీకది కనపడలేదు కదూ?"

"సూది కనపడింది."

"రంగు?"

"పక్కన అంకెలుంటాయి. చదువుకుంటాను."

"గాలి కుదిపేస్తుంటే, నేల మీదికొస్తుంటే, రేడియోలో ఎవరో మాట్లాడుతుంటే, అప్పుడు కూడా అంకెలు చదువుకుంటావా?"

మర్నాడు లోవెల్ షెడ్డుకు వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. వంటింటి కిటికీ దగ్గర కూర్చుని కరుగుతున్న మంచును చూస్తూ గడిపాడు. మిల్వాకీ డాక్టరు చెప్పింది చివరికి నిజమేనేమో, మధ్యలో ఇన్నేళ్ళూ తను చేసిందంతా ఊరికే చుట్టూ తిరిగి అక్కడికే రావడమేమో అనిపించింది.

అతనికి తెలియకుండా మార్లిస్ ఒక్కతే బెర్నీస్ దగ్గరికి వెళ్ళింది. ఆ సంగతి తర్వాత బెర్నీసే చెప్పింది. ఇద్దరూ కళ్ళజోళ్ళు పెట్టుకుని ఆ స్క్రీను తాలూకు పుస్తకం మొత్తం తిరగేశారు. ఆ యంత్రం మాట్లాడుతుంది కూడా. ఏదైనా తేడా వస్తే హెడ్‌ఫోన్‌లో చెబుతుంది. దానికొక వైరు కలపాలి. గాల్లో కూడా వాగుడెందుకని లోవెల్ ఆ ఒక్క వైరూ వేయలేదు.

"కలపడం పెద్ద పని కాదు. కానీ అందులో ఉన్న గొంతు ఉంది చూశావూ, బ్యాంకువాడు నోటీసు చదివినట్టుంటుంది. నీ మొగుడు పట్టించుకుంటాడా?" అంది బెర్నీస్. "మనకు కావలసిన గొంతు పెట్టుకోవచ్చట. నువ్వే చెప్పరాదూ?"

"నేను చెప్పింది సగమే వింటాడు."

"సగం చాలు. ఇంజినుకి అంతకంటే అక్కర్లేదు."

చప్పుడు లేని చోటు కావాలని మార్లిస్‌ను బెర్నీస్ తన సామాన్ల గదిలో, ఊరగాయ సీసాల మధ్య కూర్చోబెట్టి తలుపు వేసింది. మార్లిస్ అక్కడ కూర్చుని ఇంజినుకి రాగల కష్టాలన్నీ ఒక్కొక్కటే చెప్పి రికార్డు చేసింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "ఒక తీగ మిగిలిపోయింది. కోటు వేసుకో" అంది. లోవెల్ ఎందుకని అడగబోయి, ఆమె మొహం చూసి కోటు అందుకున్నాడు.

బిగించేసిన ప్యానెల్ వెనక ఒక్క వైరు వేయడమంటే, కుట్టేసిన దిండులోకి సూది దూర్చడం లాంటిది. లోవెల్ మళ్ళీ తలకిందులుగా పడుకున్నాడు. టార్చిలైటు పళ్ళ మధ్య పెట్టుకుని, వేళ్ళు దూరని సందులో వేళ్ళు దూర్చాడు. అవతలి వైపు నుంచి మార్లిస్ వైరు అందించింది. లాగితే మొరాయించింది. "ఆగు, ముడికి తట్టుకుంది" అని ఆమె సర్దింది. అప్పుడు మెత్తగా వచ్చింది. దాని మీద పేరు చూద్దామని తిప్పాడు. అద్దం గొట్టం లోపల 'మార్లిస్' అని ఉంది.

"ఇదేమిటి?"

"ముందు కలుపు."

టిక్ అంది. అతను అలాగే పడుకుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. బెర్నీస్ స్విచ్చి వేసింది.

"లోవెల్, నూనె వేడెక్కుతోంది. కాస్త చూసుకో."

రైతులతో ఫోనులో మాట్లాడే గొంతే. తొందర లేదు, భయం లేదు. లోవెల్ ప్యానెల్ కిందినుంచి లేవలేదు.

"వినపడిందా?" అని అడిగింది బయటి నుంచి అదే గొంతు.

"ఇంకోసారి పెట్టండి" అన్నాడు. రెండోసారి విన్నాక, "వెనకాల తుమ్మెద రొద ఉందేమిటి?" అన్నాడు.

బెర్నీస్ తనూ విని చూసింది. "ఈ వైరు మీద రాగి అల్లిక ఉంటుంది కదా, దాన్ని రెండు చివర్లా కలిపేశావు. ఒక వైపే కలపాలయ్యా. ఆ చివర తీసెయ్" అంది. తీసేయగానే తుమ్మెద ఎగిరిపోయింది. గొంతొక్కటే మిగిలింది.

ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు వచ్చి, మూతలన్నీ విప్పించి చూసి, సరేనని సంతకం చేసి వెళ్ళాడు. కొత్త విమానాన్ని మొదట్లో ఒంటరిగానే నడపాలి, అది నియమం. జూన్‌లో ఒక పొద్దున లోవెల్ ఎక్కి కూర్చున్నాడు. మార్లిస్ కంచె దగ్గర జాకెట్టు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడింది. గడ్డి మీద చక్రాలు దడదడలాడి, ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయాయి. నేల కిందికి జారిపోయింది.

లోయంతా పొగమంచు నిండి ఉంది. గట్టు మీద రన్‌వే మాత్రం ఎండలో ఉంది. ఆ అంచు దాటేసరికి కింద తెల్లదనం తప్ప ఇంకేమీ లేదు. విమానం నీడ ఆ మంచు మీద చిన్నగా, చుట్టూ వెలుగు వలయంతో, పక్కనే ఈదుతున్నట్టు వస్తోంది. మంచు కింద ఎక్కడో తను తిరిగిన దారులున్నాయి, ఈ వేళకి ఏదో ట్యాంకరు గట్టెక్కుతూ ఉంటుంది. లోవెల్‌కు తను నడుపుతున్నట్టే అనిపించలేదు. ఎవరో తనను మెల్లగా ఊపుతున్నట్టు ఉంది. కళ్ళు ఆ నీడ మీంచి తిప్పుకోలేకపోయాడు.

"లోవెల్, నూనె వేడెక్కుతోంది. కాస్త చూసుకో."

ఉలిక్కిపడి కుడివైపు చూశాడు. పక్క సీటు ఖాళీ. స్క్రీను వైపు చూశాడు. అదే మట్టిరంగు పట్టీ, సూది మాత్రం చివరికి చేరింది. విమానం ముక్కు కిందికి వంచి, ఇంజినుకి బలం తగ్గించి, వెడల్పుగా మలుపు తీసుకున్నాడు. గొంతు ఇంకోసారి అదే మాట చెప్పింది, అంతే నెమ్మదిగా. "చూస్తున్నా, చూస్తున్నా" అన్నాడు పైకే. గడ్డి రన్‌వే ఎదురొచ్చింది. చక్రాలు ఒకసారి ఎగిరి, మళ్ళీ ఆనుకున్నాయి.

బెర్నీస్ పరుగున వచ్చింది. "ఏమైంది? అప్పుడే దిగావేం?"

"మార్లిస్ దిగమంది."

మార్లిస్ కంచె దగ్గర నుంచి వస్తూ, "నేనేమీ అనలేదు" అంది. అని, తనే తెల్లబోయి ఆగిపోయింది. ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. జేబుల్లోంచి చేతులు తీసి విమానం రెక్క పట్టుకుంది.

ఇంజిను మూత విప్పితే, నూనెను చల్లార్చే పెట్టెకు గాలి తెచ్చే గొట్టం ఊడి వేలాడుతోంది. ఇంకాసేపు అలాగే మంచు మీద తిరిగి ఉంటే ఇంజిను బిగుసుకుపోయేది. కింద దిగడానికి నేల కూడా కనపడేది కాదు. గొట్టానికి కొత్త పట్టీ వేసి బిగించారు. వేసవంతా లోవెల్ ఒక్కడే ఎగిరాడు, ఆ గొంతు మళ్ళీ పలకాల్సిన అవసరం రాలేదు.

ఆకులు రాలకముందే, ఒక ఆదివారం పొద్దున, చర్చి అయిపోయాక, మార్లిస్ ఇంట్లోంచి సోఫా దిండు చంకలో పెట్టుకుని వచ్చి ట్రక్కు ఎక్కింది.

"అదెందుకు?" అన్నాడు లోవెల్.

"ఆ సీటు నాకు ఎత్తు చాలదు. విమానం ముక్కు తప్ప ఏమీ కనపడదు. నువ్వు అడగలేదు, బతిమాలలేదు. నేనే వస్తున్నాను. ఇప్పుడు కూడా ఏమీ అనకు."

అతను ట్రక్కు తాళం తిప్పాడు. నది అవతల ఇంకో ఊరి రన్‌వే దగ్గర ఆ రోజు పాన్‌కేకుల విందు. వెళ్తున్నంతసేపూ ఆమె రెండు చేతులతో సీటు పట్టుకుని ఉంది గానీ, కళ్ళు మాత్రం కిందే ఉన్నాయి. కాసేపటికి రోడ్డు మలుపులను బట్టి కొట్టాలను గుర్తుపట్టడం మొదలుపెట్టింది. "అది ఓలెసన్ వాళ్ళది. వాళ్ళ మచ్చల ఆవుకి రెండు కాన్పులూ అడ్డమే. అది హెంకె వాళ్ళది, ముసలాయన ఫోనులో ఏడ్చేవాడు పాపం. ఎంత చిన్నగా ఉన్నాయో చూడు." ఇన్నేళ్ళూ గొంతులుగా మాత్రమే తెలిసిన ఇళ్ళు ఆమెకు ఇప్పుడు కప్పులతో సహా కనిపిస్తున్నాయి.

తిరుగు దారిలో, కడుపునిండా తిని, ఎండ వెచ్చగా తగులుతుంటే, ఆమె మాటలు తగ్గాయి. తల పక్కకు వాలింది. లోవెల్ చూస్తే నిద్రపోతోంది. ఆమె హెడ్‌ఫోన్ వైపు శబ్దం తగ్గించేశాడు. గడ్డి రన్‌వే వచ్చింది. అతను దిగలేదు. దాని మీదుగా దాటి, పెద్ద మలుపులోకి మెల్లగా తిప్పాడు.

రేడియోలో బెర్నీస్ పలికింది. "లోవెల్, నా షెడ్డు మీదుగానే పోయావు. దారి తప్పావా?"

"లేదు" అన్నాడు గుసగుసగా. "నిద్రపోతోంది."

తర్వాత బెర్నీస్, ఆమెకి అంత చిన్న గొంతుందని అతనికి ఎప్పుడూ తెలియదు, "సరే, తిరుగుతూ ఉండు" అంది.

ఎండ మార్లిస్ మొహం మీద పడబోతోంది. లోవెల్ రెక్క కొద్దిగా వంచి, సూర్యుణ్ణి తన వైపుకు తెచ్చుకున్నాడు.